చిన్న లాడ్జిలో ఏ పని యంత్రానికి ఇవ్వాలి, ఏ పని మనిషి చేయాలి

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల గానీ, వరంగల్ స్టేషన్ రోడ్డులో గానీ, కాజీపేటలో గానీ మీకు పది నుంచి ముప్పై గదుల లాడ్జి ఉంటే, సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఈపాటికే ఒకటి రెండుసార్లు వచ్చి వెళ్లి ఉంటారు. ‘ఇది పెట్టుకుంటే కౌంటర్లో మనిషితో పనే లేదు’ అని వారు చెప్పే మాట సగమే నిజం. గదుల లెక్కకు మనిషి అక్కర్లేదు. తెల్లవారుజామున మూడింటికి కాజీపేటలో రైలు దిగి, ముసలి తల్లిని చేయి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చినవారికి తలుపు తీయడానికి మాత్రం మనిషే కావాలి.

కొనాలా వద్దా అనే వాదన ఇక్కడ లేదు. కొనండి. అయితే దానివల్ల మిగిలే సమయాన్ని ఎక్కడ ఖర్చు పెడతారో ముందే తేల్చుకుని కొనండి. ఆ సమయాన్ని ఒక జీతం తగ్గించుకోవడానికి వాడిన లాడ్జికి, పెద్ద హోటళ్ల ముందు చూపించుకోవడానికి ఇంకేమీ మిగలదు. వారికి ఉన్నంత పరుపు, ఉన్నంత లిఫ్టు మీకు ఎలాగూ ఉండవు.

ముందు మీ దగ్గరికి వచ్చేదెవరో రాసుకోండి

రిజిస్టర్ తీసి గత రెండు నెలల పేజీలు తిరగేయండి. ‘వచ్చిన పని’ అనే గడిలో దాదాపు అందరికీ ‘సొంత పని’ అనే రాసి ఉంటుంది కాబట్టి అది పనికిరాదు. కౌంటర్లో కూర్చునేవారిని, రూం బాయ్‌లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరు గుర్తు చేసుకుంటూ రాయాలి. మన దగ్గర సాధారణంగా తేలే లెక్క ఇది: ఎంజీఎం ఆసుపత్రికో, చుట్టుపక్కల ప్రైవేటు ఆసుపత్రులకో రోగిని తీసుకొచ్చినవారు, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి బేరానికి వచ్చే వ్యాపారులు, ఎన్‌ఐటీలో పిల్లలను చేర్పించే తల్లిదండ్రులు, పోటీ పరీక్షలు రాసేవారు, పెళ్లిళ్లకు వచ్చే బంధువులు, వేయిస్తంభాల గుడి, కోట, భద్రకాళి ఆలయం చూసుకుని మర్నాడు రామప్పకు బయలుదేరే యాత్రికులు.

వీరందరికీ ఒకే మర్యాద సరిపోదు. పరీక్ష రాయడానికి వచ్చిన కుర్రవాడికి వైఫై పాస్‌వర్డు, తెల్లవారుజామున లేపే ఏర్పాటు, నిశ్శబ్దం చాలు. పలకరింపు ఎక్కువైతే ఇబ్బంది పడతాడు. మిర్చి వ్యాపారికి పోయినసారి ఇచ్చిన గదే, పోయినసారి తీసుకున్న ధరకే, అడగకుండా దొరకాలి. రోగితో వచ్చినవారికి పక్కన ఏ మందుల దుకాణం రాత్రంతా తెరిచి ఉంటుందో, ఫ్లాస్కులోకి వేడినీళ్లు ఎవరిస్తారో చెప్పే మనిషి కావాలి.

ఇప్పుడు మీ లాడ్జిలో రోజూ జరిగే ప్రతి పనికీ ఒకే ప్రశ్న వేయండి: ఇది ఆలస్యమైతే అతిథి విసుక్కుంటారా, లేక మనిషి లేకపోతే చిన్నబుచ్చుకుంటారా? బిల్లు, ఖాళీ గది వెతకడం, అడ్వాన్సు రసీదు, వైఫై పాస్‌వర్డు మొదటి రకం. వేళగాని వేళ రావడం, ఫిర్యాదు, ధర తగ్గించమనే బేరం, ఒంట్లో బాగోలేకపోవడం రెండో రకం. మొదటి రకాన్ని యంత్రానికి ఇవ్వండి. రెండో రకంలో యంత్రాన్ని వేలు కూడా పెట్టనివ్వకండి.

అతిథి కంటికి కనిపించని చోట మొదలుపెట్టండి

అందరూ కౌంటర్ మీద కంప్యూటర్‌తో మొదలుపెడతారు. నన్నడిగితే మేడమీది ట్యాంకుతో మొదలుపెట్టాలి. నీటి మట్టం తగ్గగానే మోటారు దానంతట అదే నడిచి, నిండగానే ఆగిపోయే పరికరం పెద్ద ఖరీదు కాదు. ఉదయం ఏడింటికి సబ్బు రాసుకున్నాక నీళ్లు ఆగిపోయిన అతిథికి మీ కౌంటర్లో ఎంత చక్కని చిరునవ్వు ఉన్నా లాభం లేదు. తర్వాత గీజర్లకు టైమర్లు, వరండా దీపాలకు మనిషి కదలికను బట్టి వెలిగే సెన్సర్లు. వీటివల్ల రాత్రి వాచ్‌మన్ మెట్లెక్కి దిగే పని తగ్గుతుంది. ఆయన గుమ్మం దగ్గరే ఉంటాడు.

గది తాళానికి ఉండే ట్యాగును గోడలోని స్విచ్చులో పెడితేనే కరెంటు వచ్చే ఏర్పాటు చాలామంది పెట్టిస్తున్నారు. కరెంటు బిల్లుకు మంచిదే. కానీ ఆసుపత్రి అతిథుల విషయంలో ఇది ఎలా బెడిసికొడుతుందో చూడండి: కొడుకు తాళం తీసుకుని మందుల కోసం కిందికి వెళ్తాడు, ఆపరేషన్ అయిన తండ్రి మీద తిరుగుతున్న ఫ్యాను ఆగిపోతుంది. అందుకని గదిలో ఇద్దరుంటే రెండో ట్యాగు అడగకుండానే ఇవ్వాలని కౌంటర్లో నియమం పెట్టండి. ఎలక్ట్రీషియన్‌తో చెప్పి ఒక ఫ్యానును, ఒక ఛార్జింగ్ ప్లగ్గును ఆ స్విచ్చుతో సంబంధం లేకుండా వేయించండి. ఏసీ మాత్రం ఆగితే చాలు.

ఇక తాళంచెవి లేకుండా ఫోనుతో తెరుచుకునే తాళాలు, అతిథే తెర మీద వేలితో నొక్కి గది తీసుకునే పెట్టె: పదిహేను గదుల లాడ్జికి ఈ రెండూ అనవసరం. గుర్తింపు కార్డును, ఎదురుగా ఉన్న ముఖాన్ని కలిపి చూసే బాధ్యత ఎలాగూ మీదే. ఆ పని మనిషి చేస్తున్నప్పుడు తాళంచెవి అందించడానికి ఇంకెంత సమయం పడుతుంది?

గదుల లెక్కను ఒక్కచోటికి తెండి

ఒకే గదిని ఇద్దరికి ఇచ్చేయడం కంటే లాడ్జికి పెద్ద అప్రతిష్ఠ లేదు. ఫోనులో ఒకరికి మాట ఇస్తారు, అదే సమయంలో బుకింగ్ యాప్‌లో మరొకరు డబ్బు కడతారు. రెండు మూడు యాప్‌లలో మీ గదులు పెట్టి ఉంటే, అన్నిచోట్లా ఖాళీల సంఖ్యను ఒకేసారి మార్చే ‘ఛానెల్ మేనేజర్’ సాఫ్ట్‌వేర్ తప్పకుండా తీసుకోండి. ఒక్క యాప్‌తోనే సరిపెట్టుకుంటే అది లేకపోయినా నడుస్తుంది. ఎలాగైనా ఒకటి రెండు గదులను ఏ యాప్‌లోనూ పెట్టకండి. అర్ధరాత్రి ఆసుపత్రి నుంచి నేరుగా నడిచి వచ్చేవారికి, పాత ఖాతాదారులకు అవే అక్కరకు వస్తాయి.

యాప్‌ల ఖర్చును ఒకసారి కాగితం మీద వేసి చూడండి. గది అద్దె 1,500 రూపాయలు, ఒప్పందం ప్రకారం కమిషన్ నూటికి 20 అనుకుందాం. కమిషన్ 300. దాని మీద 18 శాతం జీఎస్టీ 54. మీ చేతికి వచ్చేది 1,146. గది అద్దె మీద 5 శాతం పన్ను వేసే లాడ్జికి ఆ 54 రూపాయలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్నును మీరు కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే పద్ధతిలో, తిరిగి రావు. మీ ఒప్పందంలోని అంకె వేరే అయితే దానితోనే లెక్క కట్టండి. అలాగని యాప్‌లను తిట్టుకుంటూ కూర్చోవడం వృథా. కొత్త అతిథిని మొదటిసారి తెచ్చిపెట్టేది అవే. రెండోసారి కూడా యాప్ ద్వారానే వస్తున్నారంటే లోపం మీ కౌంటర్‌లో ఉంది. గది ఖాళీ చేసేటప్పుడు నంబరున్న కార్డు చేతికిచ్చి, ‘ఈసారి వచ్చేముందు ఒక్క ఫోను చేయండి, మీకు అనువైన గది ఉంచుతాం’ అని ఎవరైనా నోటితో చెప్పాలి. ఈ మాట సందేశంగా పంపితే చదవరు.

సాయంత్రం ఆరింటికి ఆ రాత్రి రావలసినవారి పేర్లు, గదుల పట్టిక ఒక కాగితం మీద తీసి కౌంటర్ అద్దం కింద పెట్టండి. ఇంటర్నెట్ పోయినా, కంప్యూటర్ మొరాయించినా రాత్రి డ్యూటీ వ్యక్తి చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఫోను మనిషి ఎత్తాలి, వాట్సాప్ సగం దానంతట అదే నడవాలి

‘తెలుగు కోసం ఒకటి నొక్కండి’ అనే గొంతు చిన్న లాడ్జికి నప్పదు. భూపాలపల్లి నుంచో, సరిహద్దు దాటి సిరోంచ నుంచో ఫోను చేసేవారు గది ఉందా లేదా అని మాత్రమే అడగరు. బస్సు ఎక్కడ దిగాలి, ఆటో ఎంత అడుగుతాడు, పిల్లాడికి పాలు దొరుకుతాయా అని కూడా అడుగుతారు.

వాట్సాప్ సంగతి వేరు. ఉచితంగా దొరికే వాట్సాప్ బిజినెస్ యాప్ చాలు. మొదటిసారి సందేశం పంపినవారికి దానంతట అదే వెళ్లే పలకరింపు, మీరు అందుబాటులో లేని వేళల్లో వెళ్లే జవాబు, తరచు అడిగే ప్రశ్నలకు ముందే రాసి పెట్టుకునే జవాబులు అందులో ఉంటాయి. గదుల ధరలు, వచ్చే దారి, పార్కింగ్ సంగతి, గూగుల్ మ్యాప్ లంకె ఒక్కోదానికి ఒక్కో జవాబు రాసి పెట్టుకోండి. గది ఖాయమైనట్టు చెప్పే సందేశం ఇలా ఉంటే బాగుంటుంది:

‘నమస్కారం అండీ. శుక్రవారం రాత్రికి మీ గది ఖాయమైంది. మొదటి అంతస్తు, ఇద్దరికి. అద్దె పన్నుతో కలిపి 1,575 రూపాయలు. రైలు ఆలస్యమైనా కంగారు పడకండి, రాత్రంతా కౌంటర్లో మనిషి ఉంటారు. వచ్చేవారిలో పెద్దవారు, మెట్లెక్కలేనివారు ఉంటే ఇప్పుడే చెప్పండి, కింద గది చూస్తాం.’

చివరి వాక్యానికి వచ్చే జవాబును మాత్రం మనిషే చదవాలి. అది చదివి కింద గది ఉంచకపోతే, అడగకపోవడం కంటే అధ్వాన్నం. ‘మీ సందేశం మాకు ముఖ్యం’ లాంటి మాటలు తీసేయండి. మనలో ఎవరూ అలా మాట్లాడుకోరు. జవాబులు రాసేటప్పుడు మీ మేనేజర్ ఫోనులో మాట్లాడే తీరు విని, ఆ మాటలే పెట్టండి.

రామప్ప విషయంలో కూడా ముందే రాసిన జవాబుల మీద పూర్తిగా ఆధారపడవద్దు. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పటి నుంచి ఆ గుడి పేరు దూరప్రాంతాల వారికీ తెలిసింది. లక్నవరం చెరువు, బొగత జలపాతం కూడా అదే ప్రయాణంలో చూడాలనుకుంటారు. వానాకాలంలో బొగత దగ్గర ఉధృతి పెరిగితే సందర్శకులను ఆపేస్తారు. ఆ వేళ మీ ఆటోమేటిక్ జవాబు ‘తప్పక చూడండి’ అంటూ ఉంటే అతిథి ఒక రోజంతా పోగొట్టుకుంటారు. అటువైపు కారు తోలే డ్రైవర్ల నంబర్లు కౌంటర్లో ఉంచుకుని, ఉదయం ఒక ఫోను చేసి కనుక్కుని చెప్పండి.

కౌంటర్లో సాఫ్ట్‌వేర్‌ను మన పద్ధతికి మార్చుకోండి

కొనేముందు అమ్మేవారిని అడగాల్సిన మొదటి ప్రశ్న: 24 గంటల చెక్-అవుట్ ఇందులో ఉందా? చాలా సాఫ్ట్‌వేర్‌లు మధ్యాహ్నం పన్నెండింటికి రోజు మారే హోటళ్ల కోసం తయారైనవి. తెల్లవారుజామున నాలుగింటికి గది తీసుకుని మధ్యాహ్నం రెండింటికి వెళ్లిపోయే అతిథికి అవి రెండు రోజుల బిల్లు తీస్తాయి. మీ బోర్డు మీద 24 గంటలని రాసి ఉండగా కంప్యూటర్ రెండు రోజులు చూపిస్తే, ‘సిస్టంలో అలాగే వస్తోంది’ అని కౌంటర్ వ్యక్తి చేతులెత్తేస్తాడు. ఆ మాట మీ లాడ్జిలో ఎవరి నోటా రాకూడదు. బిల్లు సరిచేసే అధికారం కౌంటర్‌కు ఇవ్వండి. ఎవరు, ఎంత, ఎందుకు తగ్గించారో నమోదైతే చాలు, మీరు మర్నాడు చూసుకోవచ్చు.

రెండోది పన్ను. రోజుకు 7,500 రూపాయలు, అంతకంటే తక్కువ అద్దె ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా. పాత సాఫ్ట్‌వేర్‌లో 12 అలాగే ఉండిపోయిందేమో ఒక బిల్లు తీసి చూసుకోండి.

గుర్తింపు కార్డుల దగ్గర నెమ్మదించండి. ఆధార్ ఇచ్చేవారిని చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చని చెప్పండి. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు కూడా గుర్తింపులే కాబట్టి ఆధారే కావాలని పట్టుబట్టకండి. సిబ్బంది సొంత ఫోనుతో కార్డుల ఫొటోలు తీయడం ఈరోజే ఆపించండి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. రూం బాయ్ ఫోను గ్యాలరీలో రెండువందల మంది ఆధార్ కార్డులు ఉంటే జవాబుదారీ యజమానే. విదేశీయులు వస్తే 24 గంటల్లోగా వారి వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలి. లాడ్జిల వాళ్లు ‘ఫారం సి’ అనేది దీన్నే. పాస్‌పోర్టు, వీసా పేజీలు స్కాన్ చేసుకుని ముందు గదికి పంపండి. ప్రయాణ బడలికలో ఉన్నవారిని నిలబెట్టి ఆ గడులన్నీ నింపనక్కర్లేదు.

చెల్లింపులకు యూపీఐ ఎలాగూ ఉంది. డబ్బు పడిందో లేదో సౌండ్‌బాక్స్ చెబితేనే నమ్మాలి, అతిథి చూపించే స్క్రీన్‌షాట్‌ను కాదు. యంత్రం చెప్పడం వల్ల ఎవరినీ అనుమానించినట్టు ఉండదు, అదో సుఖం. రాత్రి పదకొండు దాటాక దాని గొంతు తగ్గించండి.

యూపీఐ వచ్చాక రూం బాయ్‌ల చేతిలో పడే పది, ఇరవై రూపాయలు పోయాయి. అతిథి జేబులో చిల్లర ఉండదు, ఇవ్వాలని ఉన్నా దారి ఉండదు. మనిషి చేసే సేవ నిలవాలంటే ముందు ఈ సంగతి చూడాలి. కౌంటర్ పక్కన ‘సిబ్బందికి’ అని రాసిన వేరే క్యూఆర్ కోడ్ పెట్టి, అందులో పడిన మొత్తాన్ని వారంవారం అందరి ముందూ పంచండి.

కొన్ని సందేశాలు వెళ్లకుండా ఆపండి

గది ఖాళీ చేసిన గంటకు ‘మీ బస ఎలా ఉంది? అయిదు నక్షత్రాలు ఇవ్వండి’ అని దానంతట అదే వెళ్లే సందేశం చాలా సాఫ్ట్‌వేర్‌లలో ఉంటుంది. ఆసుపత్రుల దగ్గరి లాడ్జిలో ఇది ప్రమాదం. తండ్రిని పోగొట్టుకుని ఉన్నపళంగా ఊరికి బయలుదేరిన మనిషి ఫోనులో ఆ సందేశం మోగితే ఎలా ఉంటుందో ఊహించండి. ఆ ఆటోమేటిక్ సందేశాన్ని ఆపేసి, ఎవరికి పంపాలో కౌంటర్ వ్యక్తి ఎంచి నొక్కేలా పెట్టుకోండి. రోజుకు పది మందికి బదులు నలుగురికే వెళ్లినా నష్టం లేదు.

పాత అతిథుల గురించి సాఫ్ట్‌వేర్‌లో రాసి పెట్టుకునే చోటు మాత్రం బాగా వాడండి: ‘ఉదయం నాలుగున్నరకు చాయ్’, ‘వీధివైపు గది వద్దు’, ‘దిండు రెండోది కావాలి’. కౌంటర్లో మనిషి మారినా ఈ జ్ఞాపకం మారదు. ఎవరితో వచ్చారు, ఏ జబ్బు, ఏ కులం లాంటివి అందులో రాయకూడదని గట్టిగా చెప్పండి. కంప్యూటర్లో చూసి చెబుతున్నట్టు తెలియనివ్వకండి కూడా. తెర వైపు చూస్తూ ‘మీకు రెండు దిండ్లు కదా’ అంటే ఆ మర్యాద అక్కడికక్కడే పోతుంది.

గదులు శుభ్రమయ్యాయా లేదా అని తెలుసుకోవడానికి యాప్ పెట్టేముందు, ఊడ్చేవారికి చదవడం వచ్చా అని చూసుకోండి. వాట్సాప్ గ్రూపులో ‘రెండువందల మూడు అయింది’ అని గొంతుతో పంపే సందేశం చాలు.

మేడారం రోజులకు వేరే పద్ధతి

రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ వచ్చే సమ్మక్క-సారలమ్మ జాతర, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. ఆ నాలుగు రోజులకు ముందూ వెనకా నగరంలో గది దొరకడం గగనం. దసరా నవరాత్రులు, ఎంగిలిపూల బతుకమ్మ, పెళ్లి ముహూర్తాలు చిన్న స్థాయిలో ఇలాంటివే. గిరాకీని బట్టి ధరను దానంతట అదే పెంచే సదుపాయం ఈ రోజుల్లో హద్దు లేకుండా పరుగెడుతుంది. దానికి ఒక గరిష్ఠ ధర కట్టేయండి. ఏడాది పొడవునా వచ్చే మిర్చి వ్యాపారి అదే వారంలో వచ్చి మూడింతల ధర చూస్తే మళ్లీ రాడు. యాప్‌ల నుంచి ఎక్కువ గదులు వెనక్కి తీసుకుని, అడ్వాన్సు తీసుకున్నాకే ఖాయం చేయండి. జాతర నుంచి తిరిగి వచ్చేవారికి నిద్ర కంటే ముందు స్నానం కావాలి. గది ఇంకా సిద్ధం కాకపోతే వేడినీళ్లు, ఒక స్నానాల గది, సామాను పెట్టుకునే చోటు చూపించడానికి ఆ రోజుల్లో ఒకరిని అదనంగా పెట్టుకోండి.

నెల తర్వాత పరీక్షించుకోండి

మూడే చూడండి. అతిథి గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచి తాళంచెవి చేతికి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతోంది? నేరుగా ఫోను చేసి వచ్చేవారు యాప్‌ల వాళ్లతో పోలిస్తే పెరిగారా? ఒకే విషయాన్ని అతిథి రెండోసారి అడగాల్సి వచ్చిన సందర్భాలు ఎన్ని? మూడోదాన్ని కౌంటర్ దగ్గర నోటుపుస్తకంలో గీతలు పెట్టి లెక్కించమనండి, దానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఈ మూడింటిలో దేనికీ అక్కరకు రాని చందా ఏదైనా నెలనెలా కడుతుంటే ఆపేయండి.

ఆ తర్వాత ఒక రాత్రి పదకొండున్నరకు, సిబ్బందికి తెలియని నంబరు నుంచి మీ లాడ్జికే ఫోను చేయించండి. ‘అమ్మను ఎంజీఎంలో చేర్చాం, ఇప్పుడు వస్తే గది ఉంటుందా’ అని అడిగించండి. ఎన్నిసార్లు మోగాక ఎత్తారు, ధర ముందు చెప్పారా దారి ముందు చెప్పారా అని వినండి. ఎత్తకపోతే మర్నాడు రాత్రి డ్యూటీ మనిషితో కూర్చోండి: ఎన్ని గంటలుగా నిద్ర లేదు, ఆ వేళకు ఆయన మీద ఇంకే పనులు పెట్టారు, వాటిలో ఏవి ఇప్పటికైనా టైమర్‌కో మోటారుకో అప్పజెప్పవచ్చు అని అడిగి రాసుకోండి.